మనం విని నమ్మేస్తం, పిల్లలు నవ్వి ఊరుకుంటరు



ఈసారి రేట్ల గురించి, మందుల గురించి రాస్తలేను. మొన్న మంగళవారం మా ఊరి గ్రూపులో జరిగిన సంగతి చూసినంక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్న. జర పొడుగే ఉంటది. మోటరు వేసి గట్టు మీద కూసున్నప్పుడు చదవండి.

మంగళవారం పొద్దున గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. మోటరు సైకిలు మీద దుప్పట్ల మూట కట్టుకొని పోతున్న ఒక మనిషి. కింద ఇట్ల రాసి ఉంది: "ఈ మనిషి మన చుట్టుపక్కల తిరుగుతున్నడు. పిల్లలు జాగ్రత్త. అందరికీ పంపండి." పెట్టినాయన నాకు వరసకు బాబాయి. చీమకు కూడా హాని తలపెట్టని మనిషి. గంటలో చానా మంది చూసిన్రు. పది మంది దండం బొమ్మలు పెట్టిన్రు. ఒకాయన "దొరికితే వదలొద్దు" అని రాసిండు. ఆ మనిషి ఎవరు, ఈ ఫోటో ఎవరు తీసిన్రు అని ఒక్కరు అడగలేదు. గ్రూపులో డిగ్రీలు చదివిన పిల్లలు కూడా ఉన్నరు. వాళ్ళూ చూసిన్రు, ఒక్క మాట అనలేదు.

నాకు 2018 యాదికొచ్చింది. ఆ ఏడు నేను చేసిన తప్పు ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. ఇయ్యాల రాస్తున్న.

మీలో చానా మందికి తెలుసు, మాది కందుకూరు దిక్కు. ఆకుకూరలు పెడతం. కొత్తిమీర, పుదీన, పాలకూర, మెంతి. రాత్రి ఒంటిగంటకు ట్రాలీ ఆటోలో కట్టలు వేసుకొని శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే తుక్కుగూడ, పహాడీ షరీఫ్, చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, శాలిబండ మీదుగా చార్మినార్ దగ్గరున్న మీర్ ఆలం మండీకి చేరుతం. ఇరవై ఏండ్ల నుంచి అదే దారి. పాతబస్తీ అంటే కొందరికి భయం. నాకైతే బువ్వ పెట్టిన జాగ అది.

రంజాన్ వచ్చిందంటే మనకు పండుగే. కొత్తిమీర, పుదీన ఎంత తెచ్చినా చాలదు. బిర్యానీకి కావాలె, హలీం మీద చల్లడానికి కావాలె, ఇఫ్తార్ చట్నీకి కావాలె. 2018లో రంజాన్ నెల మే మధ్యలో మొదలైంది. అదే మే 10న రైతుబంధు కూడా షురూ అయింది, యాదుంది కదా? ఎకరానికి 4 వేల చెక్కు. ఏ రోజు ఏ ఊర్లో చెక్కులిస్తరు, పాసుబుక్కులో తప్పుంటే ఎవరిని కలవాలె, అన్నీ వాట్సాప్‌లనే వస్తుండె. 2016 సెప్టెంబరులో జియో వచ్చినంక నెట్టు అగ్గువైంది. మన ఊర్లల్లో పెద్దోళ్ళ చేతికి పెద్ద ఫోన్లు వచ్చి అప్పటికి ఏడాదో, ఏడాదిన్నరో. ఫోన్లో వచ్చిన చెక్కుల వార్త నిజమైంది. వాన వార్త కూడా ఒకటి రెండుసార్లు నిజమైంది. ఇక ఫోన్లో వచ్చిందంటే నిజమే అన్న లెక్కకు వచ్చేసినం.

చెక్కు కోసం లైన్లో నిలబడ్డ రోజే నాకు ఆ వాయిస్ మెసేజీ వచ్చింది. ఒక ఆడమనిషి ఏడుపు గొంతు. పార్థీ గ్యాంగు దిగిందట, పిల్లలను ఎత్తుకపోతున్నరట, కిడ్నీలు తీస్తున్నరట, ఫలానా ఊర్లో నిన్న రాత్రే జరిగిందట. దాని ఎంబడి ఒక వీడియో. బండి మీద ఇద్దరు మనుషులు వచ్చి గల్లీలో ఆడుకుంటున్న పిల్లగాణ్ణి గుంజుకొని పోతరు. చూస్తే ఒళ్ళు జలదరిస్తది.

నేనేం చేసిన? లైన్లో నిలబడే నాలుగు గ్రూపులకు పంపిన. ఆడికి ఆగలేదు. మండీలో నా సరుకు అమ్మిపెట్టే చాచాకు కూడా పంపిన. చాచా ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నరు, జాగ్రత్త పడతడు అనుకున్న. నా మనసులో మంచే ఉంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఇట్ల పంపేటోళ్ళలో చానా మంది మనసులో మంచే ఉంటది.

ఇక్కడ చాచా గురించి కొంచెం చెప్పాలె. అప్పటికే ఆయనకు డెబ్బై దగ్గర పడ్డయి. ఉర్దూ పేపరు చదువుతడు, తెలుగు మాట్లాడుతడు గని చదవలేడు. ఒక కొడుకు దుబాయి దిక్కు ఉంటడు. ఆ దేశంలో వాట్సాప్ కాల్ కలవదు. అందుకే ఇమో అని ఇంకొకటి వేసుకున్నడు. మన జగిత్యాల, నిజామాబాద్ గల్ఫ్ ఇండ్లల్లో కూడా అంతే కదా. రోజూ తెల్లారుజామున సరుకు పని అయినంక గంప బోర్లించి, దాని మీద కూసొని కొడుకుతోని మాట్లాడుతుండె. చుట్టూ హమాలీల కేకలు, ఆటోల హారన్లు. ఈయన మాత్రం ఫోన్లో మనమరాలి ముఖం చూసుకుంట నవ్వుతుండె.

ఒకసారి ఆయన చెప్పిన ముచ్చట ఇది. వెనుకట తమ్ముడు గల్ఫుకు పోయిన కొత్తలో ఫోన్లు లేవు. ఉత్తరాలు రాయడం అందరికీ రాదు. క్యాసెట్లో మాటలు నింపి, ఊరికి వచ్చేటోళ్ళ చేతికి ఇచ్చి పంపేటోళ్ళు. ఇంట్లో అందరూ టేప్ రికార్డర్ చుట్టూ కూసొని వినేటోళ్ళు. అమ్మ ఏడ్చేది. మళ్ళా క్యాసెట్ తిప్పి, ఇంటోళ్ళ మాటలు నింపి వాపస్ పంపేటోళ్ళు. "గొంతు వచ్చిందంటే మనిషి వచ్చినట్టే, బేటా" అన్నడు చాచా.

అప్పుడు నేను ఊ కొట్టి ఊరుకున్న. తర్వాత ఆలోచిస్తే అసలు సంగతి ఆ మాటలోనే ఉందనిపించింది. మన వయసోళ్ళకు గొంతు అంటే మనిషి. ఊర్లో దప్పు కొట్టి చాటింపు వేస్తే, ఆ వేసేటాయన ఎవరో తెలుసు. పోస్టుమన్ ఉత్తరం చదివి వినిపిస్తే, రాసినోళ్ళు ఎవరో తెలుసు. రేడియోలో వార్తలొస్తే ఆకాశవాణి అని తెలుసు. మాట వెనుక ఒక మనిషో, ఒక ఆఫీసో ఉండేది. తప్పు చెప్తే పోయి అడగొచ్చు. కాబట్టి ఫోన్లో ఒక ఆడమనిషి ఏడుస్తుంటే, మన చెవికి అది ఎవరో అక్క ఏడ్చినట్టే వినబడ్డది. పైగా పంపింది మన బాబాయి, మన దోస్తు. వాళ్ళ మీదున్న నమ్మకం ఆ మెసేజీకి అంటుకుంది. దాన్ని తయారు చేసినోడు ఎవడో మనకు కనబడలేదు. కనబడలేదని మనకు తట్టను కూడా లేదు.

చాచా ఇంకో మనుమడు, అప్పుడు పదహారేండ్ల పిల్లగాడు, రంజాన్ రాత్రులు దుకాణంలో తోడుండేటోడు. చేతిలో ఎప్పుడూ ఫోనే. చార్మినార్ దగ్గర హలీం బట్టీలు, పత్తర్‌గట్టీ దుకాణాల లైట్లు వీడియో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేటోడు. నేను పంపిన వీడియోను చాచా వానికి చూపెట్టిండట. వాడు నవ్విండట. నేను మండీకి పోయిన రోజు నాకు కూడా చూపెట్టిండు.

"అంకుల్, ఇది మన దగ్గరిది కాదు. కరాచీది. పూరా వీడియో చూడండి" అన్నడు.

పూరా వీడియోలో ఏముందో తెలుసా? ఆ బండి మీది మనుషులు పిల్లగాణ్ణి ఎత్తుకపోయి, కొంచెం దూరంలో బండి తిప్పి, పిల్లగాణ్ణి వెనక్కి తెచ్చి దించేస్తరు. ఒక అట్ట ముక్క తెరిచి చూపెడతరు. పిల్లలు మాయం కావడానికి ఒక్క క్షణం చాలు, కనిపెట్టుకొని ఉండండి అనే అర్థం వచ్చేటట్టు దాని మీద రాసి ఉంటది. పాకిస్తాన్‌లోని కరాచీలో, తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ తల్లిదండ్రులను హెచ్చరించడానికి తీసిన ప్రచార వీడియో అది. ఎవడో ఆ చివర్ది కత్తిరించి మన మీదికి వదిలిండు.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. వానిని అడిగిన: "నీకు ఎప్పుడు తెలుసు?"

"వారం కింద్నే తెలుసు, అంకుల్. మా దోస్తులందరికీ తెలుసు."

"మరి మీ ఇంటి గ్రూపులో చెప్పలేదా?"

"ఆ గ్రూపు నేను చూడను అంకుల్. మ్యూట్ పెట్టిన. అంతా గుడ్ మార్నింగ్ పువ్వులే వస్తయి."

ఇంటికొచ్చి మా కొడుకును అడిగిన. వాడు అప్పుడు డిగ్రీ చదువుతుండె. వాడూ అదే చెప్పిండు. "నాకు తెలుసు నాయినా. అది ఫేక్. చెప్తే మీరు వింటరా? పోయినసారి చెప్తే, నాలుగు అక్షరాలు రాంగనే పెద్దోళ్ళకు నేర్పుతున్నవా అన్నవు."

నిజమే, నేను అట్లనే అన్న. అబద్ధమాడను.

అయినా నేను ఏం చేసిన? నాలుగు గ్రూపుల్లో "అది తప్పు వీడియో, నేను పంపింది నమ్మకండి" అని రాయడానికి సిగ్గైంది. పది మందిలో చిన్నతనం అవుతదనుకున్న. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అని ఊరుకున్న. ఫార్వర్డు చేయడానికి ఒక్క నిమిషం పట్టలేదు. తప్పైందని రాయడానికి మాత్రం చేతులు రాలేదు.

2018 మే 26, శనివారం. ఆ రాత్రి ఎప్పటిలెక్కనే కట్టలేసుకొని బయలుదేరిన. చాంద్రాయణగుట్ట దగ్గర పోలీసు బండ్లు ఆగి ఉన్నయి. ఏమైందో తెల్వదు. మండీకి పోయినంక తెలిసింది. రంజాన్ నెలలో దానాలు అడుక్కోవడానికి పాలమూరు దిక్కు నుంచి వచ్చిన కొందరు ట్రాన్స్‌జెండర్లను, పిల్లలను ఎత్తుకపోయేటోళ్ళని అనుమానపడి గుంపు చుట్టుముట్టిందట. రాళ్ళతోని కొట్టిన్రట. ఒకామె చనిపోయింది. తర్వాత పోలీసులు కొందరిని అరెస్టు చేసిన్రు, పుకార్లు నమ్మకండని మొత్తుకున్నరు. పోయిన ప్రాణం పోయింది.

పాలమూరు అంటే ఎవరు? మన దిక్కు మనిషి. వాన లేక, పని లేక వలసపోయే దారిలోనే ఆమె కూడా వచ్చింది. నేను కొత్తిమీర అమ్ముకోవడానికి పోయే రోడ్డు మీదనే ఆమె ప్రాణం పోయింది.

నా ఫోను నుంచి పోయిన మెసేజీనే ఆ గుంపు చేతికి చేరిందని చెప్పలేను. చేరలేదని కూడా చెప్పలేను. చాచాకు పంపిన, చాచా ఎంతమందికి చూపెట్టిండో. నాలుగు గ్రూపుల నుంచి ఎన్ని గ్రూపులకు పోయిందో. ఈ లెక్క ఎవ్వడూ తేల్చలేడు. ఆ రోజు నుంచి చాంద్రాయణగుట్ట దాటుతున్న ప్రతిసారి ఇదే యాదికొస్తది.

ఇది పట్నపోళ్ళ పని, గుంపులు పాతబస్తీలోనే చేరుతయి అని ఎవరైనా అనుకుంటే, ఆ ఏడే జూలై 13న జరిగింది వినండి. కర్ణాటకలో బీదర్ జిల్లా, మన జహీరాబాద్ దాటితే వచ్చేదే. హైదరాబాద్ నుంచి కొందరు దోస్తులు కారులో అటు పోయిన్రు. వాళ్ళలో ఒకాయన గల్ఫ్ నుంచి వచ్చిన చుట్టం. దారిలో ఒక ఊరి దగ్గర ఆగి పిల్లలకు చాక్లెట్లు పంచిన్రు. అంతే. అనుమానం పుట్టింది, వీడియో తీసిన్రు, ముందు ఊరోళ్ళకు వాట్సాప్‌లో పంపిన్రు. వీళ్ళు భయపడి కారు ఉరికించిన్రు. కారు కంటే మెసేజీ ముందు చేరింది. ముర్కీ అనే ఊరి దగ్గర జనం రోడ్డుకు అడ్డం పెట్టిన్రు, కారు బోల్తా పడ్డది. గుంపు కొట్టిన దెబ్బలకు ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ముప్పై దాటిన పిల్లగాడు, చనిపోయిండు. పోలీసులు అరెస్టు చేసినోళ్ళలో వాట్సాప్ గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నడు. ఊరి గ్రూపులకు అడ్మిన్లుగా ఉన్న మనోళ్ళు ఇది రెండుసార్లు చదవండి.

చాంద్రాయణగుట్టలో పల్లె నుంచి వచ్చిన మనిషిని పట్నం గుంపు చంపింది. ముర్కీలో పట్నం నుంచి పోయిన మనిషిని పల్లె గుంపు చంపింది. రెండు చోట్లా చేతులు వేరు, భయం ఒక్కటే.

ఇప్పుడు అసలు మాటకొస్త. పెద్దోళ్ళు ఎడ్డోళ్ళు, పిల్లలు హుషారు, అందుకే ఇట్లయిందని చానా మంది అంటరు. పిల్లలు ఇరవై నాలుగ్గంటలు ఫోన్లోనే సస్తున్నరు, పెద్దోళ్ళకే లోకం తెలుసు అని మనం అంటం. నాకు రెండూ తప్పనిపిస్తది.

మనకు లోపల బాధ్యత ఉంది, పరీక్ష చేసే తెలివి లేదు. ఊరికి కష్టం వస్తుందంటే నలుగురికి చెప్పాలె అనుకునేది మన తరమే. వాళ్ళకు పరీక్ష చేసే తెలివి ఉంది, నలుగురికి చెప్పాలె అన్న బాధ్యత తగ్గింది. అబద్ధమని తెలిసినా నవ్వి పక్కకు జరిపేస్తరు, ఇంకో వీడియోకు పోతరు. టిక్‌టాక్‌ను 2020 జూన్ ఆఖరులో మన దేశంలో ఆపేసినంక, నెల తిరగక ముందే ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చినయి. అప్పటి నుంచి వాళ్ళ లోకం అటు, మన వాట్సాప్ లోకం ఇటు. ఒకే ఇంట్లో, ఒకే నులక మంచం మీద కూసొని రెండు వేరే ఊర్లల్లో బతుకుతున్నం. 2018లో ఆ మెసేజీ అబద్ధమని తెలిసినోళ్ళు ఇంటింటికీ ఉన్నరు. తెలిసినోడు చెప్పలేదు, తెలియనోడు అడగలేదు. చెప్పనియ్యకుండ చేసింది నాలాంటి తండ్రులు కూడా.

పిల్లలు మోసపోరని అనుకోకండి. మొన్నమొన్ననే చాచా మనుమనికి తగిలింది. ఇప్పుడు వానికి ఇరవై మూడేండ్లు. ఫోన్లో ఇంటి దగ్గర్నే పని అన్నరట. హోటళ్ళకు నక్షత్రాలు ఇస్తే పైసలు. మొదలు నూట యాభై వేసిన్రు, తర్వాత మూడు వందలు వేసిన్రు. నమ్మకం కుదిరినంక, నువ్వు కొంత కడితే రెండింతలు వస్తయన్నరు. దఫదఫాలుగా 38 వేలు పోయినయి. కరాచీ వీడియోను ఒక్క చూపులో పట్టినోడే దీంట్ల పడ్డడు.

చాచా నాతోని ఏమన్నడో చెప్త. "నన్ను ముందే అడిగితే మూడు మాటలు అడుగుతుంటి బేటా. వాని దుకాణం ఎక్కడ? వాని తండ్రి ఎవరు? వానికి జమానతు ఎవరు? మండీలో కొత్తోడు వచ్చి పది గంపలు ఉద్దెర అడిగితే నేను ఇస్తనా?"

చూసిన్రా? మన తరం దగ్గర ఉన్న తెలివి అది. ఎవరి మనిషివి, ఎవరు పూచీ అని అడగడం. విత్తనాలు కొనేటప్పుడు అడుగుతం, పిల్లనిచ్చేటప్పుడు అడుగుతం, ఎడ్లు కొనేటప్పుడు పండ్లు పట్టి చూస్తం. ఫోన్లో వచ్చినదాన్ని మాత్రం అడుగుతలేం. పిల్లలేమో వీడియో అసలుదా నకిలీదా పట్టగలరు గని, మనిషి పూచీ అడగడం వాళ్ళకు అలవాటు కాలేదు. వాళ్ళ సగం వాళ్ళ దగ్గర, మన సగం మన దగ్గర ఉంది.

ఈ రెండు సగాలను కలిపితే ఏమైతదో చూపెట్టిన జాగ కూడా మన దగ్గర్నే ఉంది. 2018 మార్చిలో గద్వాల, వనపర్తి దిక్కు ఎస్పీగా రెమా రాజేశ్వరి మేడం వచ్చింది. ఎండాకాలం. మన ఊర్లల్లో ఎండాకాలం ఎక్కడ పండుకుంటం? వాకిట్లో, మిద్దె మీద. కానిస్టేబుళ్ళు ఊర్లకు పోతే వాకిళ్ళు ఖాళీగా ఉన్నయట, జనం ఉక్కపోతలో తలుపులు బిగించుకొని లోపల పండుకుంటున్నరట. ఎందుకని అడిగితే ఫోన్లో ఈ వీడియోలు చూపెట్టిన్రు. అప్పుడు ఆమె ఊరికొక పోలీసును జిమ్మా చేసింది. వాళ్ళు ఊరోళ్ళతోని కూసున్నరు, ఊరి గ్రూపుల్లో చేరిన్రు, ఏదన్నా అనుమానం మెసేజీ వస్తే మాకు చూపెట్టండి అన్నరు. దప్పు కొట్టి, పాట కట్టి, దాదాపు 400 ఊర్లల్లో చెప్పిన్రు. వేరే జాగల్లో మనుషులు చచ్చిపోతుంటే ఆ ఊర్లల్లో పుకారుకు ఒక్క ప్రాణం పోలేదు.

నాకు దాంట్ల నచ్చింది ఏందంటే, ఫోన్లు బంద్ పెట్టుమని వాళ్ళు చెప్పలేదు. ఫోన్లో వచ్చిన మాటను మళ్ళా రచ్చబండ మీదికి తెచ్చిన్రు. ముఖాలు కనబడే జాగకు తెచ్చిన్రు. ఆడ ముసలోడూ ఉంటడు, పోరగాడూ ఉంటడు.

వాట్సాపోళ్ళు కూడా ఆ చావుల తర్వాతనే కొన్ని మార్చిన్రు. అంతకుముందు ఒక మెసేజీని ఒకేసారి పదుల గ్రూపులకు పంపే వీలుండె. 2018 జూలైలో మన దేశంలో 5 చాట్లకు మించి పోకుండ కట్టడి చేసిన్రు. 2019 జనవరిలో లోకమంతటికీ అదే పెట్టిన్రు. చానా చేతులు మారిన మెసేజీ అయితే 2020 ఏప్రిల్ నుంచి ఒకేసారి ఒక్క చాట్‌కే పోతది. మెసేజీ మీద రెండు బాణాల గుర్తు కనబడుతది చూడండి. అది కనీసం ఐదు చేతులు దాటి మన దగ్గరికి వచ్చిందని అర్థం. రెండు బాణాలుంటే, పంపిన బాబాయి ముఖం చూసి నమ్మొద్దు. అది బాబాయి మాట కాదు.

ఇంకో రెండు ముక్కలు, ఇవి పనికొస్తయి. పీఎం కిసాన్ పైసలని, బ్యాంకు కేవైసీ అని, పెండ్లి పత్రిక అని వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తది. దాని పేరు చివర ఏపీకే అని ఉంటది. అది నొక్కి ఫోన్లో ఎక్కించుకున్నమంటే ఫోను వాళ్ళ చేతికి పోతది, ఖాతా ఊడ్చుకపోతరు. తెలిసినోళ్ళ నంబరు నుంచి వచ్చినా నొక్కకండి, ఎందుకంటే వాళ్ళ ఫోను కూడా అప్పటికే పోయి ఉండొచ్చు. పైసలు పోయినయని తెలిస్తే ఆ నిమిషమే 1930కి ఫోన్ చేయాలె. ఎంత జల్ది చేస్తే పైసలు మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ. చాచా మనుమడు సిగ్గుపడి ఇంట్లో నాలుగు రోజులు చెప్పలేదు. అప్పటికి పైసలు ఎక్కడెక్కడికో పోయినయి. నేను 2018లో పడ్డ సిగ్గే వాడూ పడ్డడు. వయసు ఏదైనా మనిషిని ముంచేది ఈ సిగ్గే.

ఇక మంగళవారం సంగతి. ఆ ఫోటో చూసి ముందు చేయి వణికింది. ఈసారి రేపు అనుకోలేదు. మా కొడుకును పిలిచిన. వాడు ఫోటోను పెద్దగ చేసి చూసి, "నాయినా, వెనకాల గోడ మీద చూడు, పక్క ఊరి స్కూలు" అన్నడు. పక్క ఊర్లో నాకు ఎరికైన రైతుకు ఫోన్ కొట్టిన. "అరే, ఆయన దుప్పట్లు అమ్మేటాయన. నాలుగేండ్ల నుంచి వస్తడు. వాయిదాల మీద ఇస్తడు" అన్నడు. లోపల్నుంచి మా ఇంటామె ఆ ఫోటో చూసి నవ్వింది. మేము కప్పుకునే దుప్పటి ఆయన దగ్గర కొన్నదేనట. రెండేండ్ల కింద, రెండు వాయిదాలకు.

పిల్లగాని కండ్లు, నా ఎరుక, మా ఇంటామె యాది కలిస్తే పది నిమిషాల్లో తేలిపోయింది.

గ్రూపులో బాబాయిని తప్పు పట్టి రాయలేదు. ముందు ఆయనకు ఫోన్ చేసి చెప్పిన. "అయ్యో, నేను మంచికే పెట్టిన కదరా" అన్నడు. "నాకు తెలుసు బాబాయి, నేను కూడా అప్పుడు మంచికే పెట్టిన" అని చాంద్రాయణగుట్ట సంగతి చెప్పిన. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే ఫోటో తీసేసిండు. ఆయనే గ్రూపులో, ఆ మనిషి దుప్పట్లు అమ్ముకునేటాయన, ఎవరూ ఏమీ అనకండి అని వాయిస్ పెట్టిండు. రాసే కంటే వాయిస్ పెట్టుడే మంచిదైంది. ఆయన గొంతు ఊరంతా గుర్తు పడతరు.

సోదరులారా, మీతోని రెండే మాటలు. మీ ఊరి గ్రూపులో అడ్మిన్లుగా ఒక పెద్దమనిషిని, ఒక చదువుకునే పిల్లనో పిల్లగాణ్ణో పెట్టండి. ఇద్దరూ చూడకుండ కొత్త మనుషుల ఫోటోలు, పిల్లల సంగతులు ముందుకు పోనియ్యొద్దు. మా గ్రూపులో బుధవారం నుంచి అట్లనే చేసినం. రెండోది, ఇంట్లో పిల్లలు "ఇది ఫేక్" అంటే, నాకే నేర్పుతవా అనకండి. కూసోబెట్టి చూపెట్టమనండి. వాళ్ళు ఏదన్నా పైసల పని అని చెప్తే మీరు అడిగే మూడు మాటలు అడగండి.

ఇంకొకటి నా కోసం. 2018 మేలో నేను పంపిన ఆ వాయిస్, ఆ వీడియో అందుకున్నోళ్ళు ఇది చదువుతుంటే, ఏడేండ్లు దాటినంక చెప్తున్న: అది అబద్ధం. చూసుకోకుండ పంపిన. తెలిసినంక కూడా చెప్పలేదు. తప్పు నాదే, క్షమించండి.

రేపు రాత్రి మళ్ళా మండీకి పోతున్న. కొత్తిమీర బాగనే వచ్చింది, రేటు చూసి రాస్త.